పోలమ్మ నేర్చుకున్న ఊపిరి

సోమవారం

ఈ ఉదయం పోలమ్మకూ నాకూ పట్టీలు కట్టారు. నా పక్కటెముకల చుట్టూ ఒకటి, ఆమె పక్కటెముకల చుట్టూ ఒకటి. నేను గాలి పీలిస్తే నా పట్టీ సాగుతుంది. అప్పుడు ఆమె పట్టీ ఆమె కండరాలను మెల్లగా తట్టి లేపుతుంది. నేను వదిలితే ఆమె వదులుతుంది.

"నానేటి సెయ్యాల?" అని అడిగింది, గొంతులో గొట్టం తీసిన బొంగురుతో.

"ఏమీ చేయొద్దమ్మా. నేను పీలుస్తాను, నా వెంట రండి."

పోలమ్మ అరవై దాటిన మనిషి. సముద్రాన్ని ఆపే పెద్ద కట్టకు అవతల, భర్త ఎర్రయ్యతో ఒకే పడవలో వేట చేసింది. వేట లేని నెలల్లో నాచు కాల్చే బట్టీల్లో పని. కట్ట లోపల మా ఇళ్లలో దీపాలు వెలిగేది ఆ నాచుతోనే. ఆ బట్టీల పొగకు ఆమె ఊపిరితిత్తులు ఎండిన కొబ్బరి పీచులా అయిపోయాయి, వాటితో పెనుగులాడి గుండె అలిసిపోయింది. ఆమె కణాల నుంచే పెంచిన కొత్త ఊపిరితిత్తులు పెట్టారు. కొత్తవాటికి ఊపిరి తెలియదు, నేర్పాలి. యంత్రం నేర్పితే గడియారంలా ఆడతాయి గాని, ఆ మనిషికి నవ్వొచ్చినా మెట్టెక్కినా తడబడతాయి. అందుకే రాత్రిళ్లు మాత్రమే యంత్రం. పగలు మనిషి నుంచి మనిషికి.

ఆ పని వచ్చిన నర్సులు ఈ కొండమీది ఆస్పత్రిలో కొద్దిమందే ఉన్నాం. అందరిలో ఎస్తేరు ఊపిరి మంచిదని డాక్టర్ ఫర్హానా ఒకసారి నన్ను చూపించి అందరి ముందూ అంది. ఆ మాట నాకు చాలా ఇష్టం.

గురువారం

పట్టీ ఉన్నంతసేపు నేను మెట్లు పరిగెత్తి ఎక్కకూడదు, కారం తినకూడదు, ఎవరితోనూ పోట్లాడకూడదు. తోటి నర్సు లలిత నా వంతు డ్యూటీ నన్ను అడక్కుండా మార్చేసుకుంది. నవ్వి ఊరుకున్నాను. నాకు కోపమొస్తే అవతల పోలమ్మ రొప్పుతుంది.

ఈ రోజు వరండాలో నడిపించాను. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, పెదవులు సున్నాలా చుట్టి, వేడి గంజి ఊదినట్టు గాలి వదలమన్నాను.

"గంజి ఊదితే సల్లారతాది. ఇదెందుకు ఊదడం?"

"లోపల పాత గాలి మిగలకుండా."

"మా ఎర్రయ్య అలగే. పాత మాట లోపల మిగలనీడు, అంతా కక్కీత్తాడు."

తన మాటకు తనే నవ్వింది. నేను నవ్వలేదు. ఆ నవ్వు పూర్తిగా ఆమెదే. పట్టీ సాయం లేకుండా ఆ కొత్త ఊపిరితిత్తులు మొదటిసారి నవ్వాయి. నర్సు ఉద్యోగంలో ఇంతకంటే మంచి రోజులు ఉండవు.

మంగళవారం

మధ్యాహ్నం కట్ట సైరన్ మోగింది. రోజూ ఆ వేళకు ఒకసారి పరీక్షకు మోగించి ఆపుతారు. ఈసారి ఆపలేదు. ఆగకుండా మోగితే కట్టలోకి నీళ్లు వచ్చాయని అర్థం.

నా తమ్ముడు దానియేలు కట్ట లోపలి సొరంగాల్లో పగుళ్లు పూడ్చే పని చేస్తాడు.

నేను మందుల బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఏం చేస్తున్నానో గుర్తు లేదు. లలిత అరుపు వినబడింది. "ఎస్తేరూ, ఊపిరి తీయవే! పోలమ్మను చూడు!"

పోలమ్మ పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె కళ్లు నన్నే చూస్తున్నాయి. అప్పుడు తెలిసింది, నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డానని. బలవంతాన వదిలాను. ఆమె వదిలింది.

సాయంత్రం దానియేలు ఇంటికొచ్చాడు. మోకాళ్ల దాకా బురద. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. లోపల ఏం జరిగిందని అడగబోయాను, నోరు రాలేదు. తెల్లారితే మళ్లీ పనికి వెళ్తాడట.

శుక్రవారం

సైరన్ మామూలుగా ఒకసారే మోగుతోంది. పరీక్షే అని తెలుసు. అయినా ఆ చప్పుడు వినబడగానే, ఏమిటా అని ఆలోచన వచ్చేలోపే, నా ఛాతీ మూసుకుపోతోంది. నిన్నా అంతే, మొన్నా అంతే. నాతోపాటు పోలమ్మకూ ఆగుతోంది.

"ఏటైనాది అమ్మీ?"

"దగ్గు అడ్డొచ్చిందమ్మా."

నమ్మింది. నేను చెబితే ఏదైనా నమ్ముతుంది. ఆమెకు ఊపిరే నేను.

బుధవారం

ఇప్పుడు పోలమ్మ రోజులో కొంతసేపు పట్టీ లేకుండా సొంతంగా పీలుస్తోంది. ఈ మధ్యాహ్నం రెండు పట్టీలూ విప్పి బల్లమీద పెట్టి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాను. కిటికీ దగ్గర కూర్చుని కమలాపండు వొలుచుకుంటోంది. సైరన్ మోగింది.

ఆమె భుజాలు పైకి లేచాయి. పండు పట్టుకున్న చేయి గాలిలో ఆగింది. ఛాతీ కదల్లేదు.

పట్టీలు బల్లమీదే ఉన్నాయి. అయినా ఆమె ఊపిరి, నా ఊపిరి ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగింది.

సైరన్ ఆగాక ఆమె రొప్పి, తేరుకుని, కిటికీలోంచి బయటకు ఎవరో పిలిచినట్టు చూసింది. "ఎందుకలగైనాది నాకు?" అని తనలో తను అనుకుంది. నేను గుమ్మం నుంచి వెనక్కి జరిగాను.

గురువారం

డాక్టర్ ఫర్హానా పిలిచింది.

"పోలమ్మ ఊపిరి పైన ఎక్కడో పట్టేస్తోంది. కొత్తవాటిలో లోపం లేదు, గుండె బాగుంది. ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థం కావడం లేదు. నీ వైపు ఏమైనా ఉందా ఎస్తేరూ?"

పట్టీ ఊపిరిని అందిస్తుంది గాని నమోదు చేసి ఉంచదు. నర్సు ఊపిరి నర్సు సొంతమని మేమే పోరాడి తెచ్చుకున్న నియమం అది. అందుకే నర్సు నోటిమాట మీదే అంతా నడుస్తుంది.

"ఏమీ లేదు మేడం" అన్నాను.

ఆవిడ తలూపింది. ఇంకో ప్రశ్న వేయలేదు.

చెబితే నన్ను తప్పిస్తారు, పోలమ్మ మళ్లీ యంత్రం మీదికి వెళ్లి ఇంకొకరితో మొదట్నుంచీ మొదలుపెట్టాలి, పాపం అని దారి పొడవునా అనుకుంటూ నడిచాను. ఇంటికి చేరేసరికి ఆ మాట అరిగిపోయింది. నన్ను తప్పిస్తారు అన్న ముక్క ఒక్కటే మిగిలింది.

సోమవారం

ఎవరికీ తెలియకుండా సరిచేద్దామని చూస్తున్నాను. సైరన్ వేళకు పోలమ్మను ఆవిరి పట్టే గదిలోకి తీసుకెళ్తున్నాను. అక్కడ గోడలు మందం, చప్పుడు రాదు. కొన్నాళ్లు వినకపోతే మరిచిపోతుందని నా ఆశ.

ఈ రోజు ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"సైరన్ మోగే యేళకి నన్ను లోనకి తోల్తన్నావేటి?"

"ఆవిరి టైమమ్మా."

"ఈ పొద్దున్నే పట్టినావు గదా ఆవిరి." కాసేపు నా మొహంలోకి చూసింది. "నాను బయపడతన్నానని నీకూ తెలిసిపోనాదా? ఎవులికీ సెప్పకు తల్లీ. మా ఎర్రయ్యకి అసలే సెప్పకు."

నా తప్పును ఆమె తన సిగ్గు అనుకుంటోంది. దాన్ని దాచిపెట్టమని నన్నే బతిమాలుతోంది. సరేనమ్మా అన్నాను. ఆ సరే అనడం డాక్టరుతో ఏమీ లేదనడం కంటే నీచం.

ఆదివారం

ఎర్రయ్య చూడ్డానికి వచ్చాడు. పొట్టి మనిషి, చెవులకు పోగులు, ఉప్పుకు తెల్లబడ్డ కనుబొమ్మలు. నేను పక్క మంచం దుప్పటి మారుస్తున్నాను.

"పడవకి తారు పూసినాను. వచ్చే అమాస ఎల్లాక వేట. బేగి లెగు మరి."

పోలమ్మ "పడవ మీ తమ్ముడికిచ్చీ" అంది.

"ఏటీ?"

"నాను రాను. నాకు బయమేత్తన్నాది."

ఎర్రయ్య నవ్వాడు, వేళాకోళం అనుకుని. ఆమె నవ్వలేదు. అతని నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"తుపానులో తెరసాప సిరిగిపోనప్పుడు నాను ఏడిసినాను. నువ్వు ఏడవనేదు. నీకు బయమేటే?"

"ఏటో తెల్దు. కట్ట సైరన్ కూసిందంటే నా లోన ఎవులో సచ్చిపోతన్నట్టుంటాది. ఎవులో తెల్దు. ఈ బయం నాది కాదనిపిత్తాది. కానీ నా గుండెలోనే ఉన్నాది గదా, మరి నాది కాకపోతే ఎవులిది?"

దుప్పటి అంచు మంచం కిందికి దోపుతూ ఉండిపోయాను, అది ఎప్పుడో సర్దుకున్నా. చెప్పాల్సిన సమయం అదే. ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఎర్రయ్య లేచి, టిఫిన్ క్యారియర్ బల్ల మీద పెట్టి, భార్య తల మీద ఒకసారి చేయి ఆనించి వెళ్లిపోయాడు. అతను గేటు దాటేదాకా కిటికీలోంచి చూశాను.

మంగళవారం

పోలమ్మ పడిపోయింది.

మెట్లు ఎక్కడం నేర్పే రోజు ఈ రోజు. ఉదయమే ఎక్కించాల్సింది, ముందు పేషెంటుతో ఆలస్యమైంది. వేళ చూసుకోలేదు. సగం మెట్లు ఎక్కింది. నేను ఒక మెట్టు కింద నిలబడి, వీపు దగ్గర చేయి ఉంచాను. సైరన్ మోగింది. నా ఊపిరి ఆగింది. నా చేయి కూడా ఆగింది. ఆమె వెనక్కి ఒరిగినప్పుడు పట్టుకోవలసిన చేయి గాలిలో అలాగే ఉండిపోయింది.

నుదురు మెట్టుకు తగిలింది. నెత్తురు పెద్దగా రాలేదు. కానీ గుండె లయ తప్పింది. డాక్టర్ ఫర్హానా పరిగెత్తుకొచ్చి, మెట్ల మీదే మోకాళ్లూని, ఛాతీకి కరెంటు ఇచ్చి గుండెను దారిలో పెట్టింది. పోలమ్మను మళ్లీ యంత్రం మీద పెట్టారు. ఇన్ని వారాలుగా నేర్చుకున్న ఊపిరి పక్కన పెట్టేసి, ఛాతీ గడియారంలా లేస్తూ పడుతూ ఉంది.

చేతులు కడుక్కుంటున్న డాక్టర్ వెనకాల నిలబడి చెప్పాను. "అది నాది మేడం. ఆ పట్టేసే ఊపిరి నాది. మీరు అడిగిన రోజే నాకు తెలుసు."

ఆవిడ కుళాయి కట్టలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఆవిడకు తెలుసా?"

"లేదు."

"లేచాక ముందు ఆవిడకు చెప్పు. నాతో మాటలు తర్వాత." తువ్వాలు అందుకుని, నావైపు చూడకుండా అంది, "రేపటి నుంచి నీకు పట్టీ లేదు."

శనివారం

గొట్టం తీశారు. నేను మంచం పక్కన కూర్చోలేదు, నిలబడే చెప్పాను. కట్ట, దానియేలు, ఆ మంగళవారం, డాక్టరుతో ఆడిన అబద్ధం, ఆవిరి గది, అన్నీ. ఆమె మధ్యలో ఆపలేదు.

అయిపోయాక అడిగింది, "ఎర్రయ్య వచ్చిన రోజున నువ్వు అక్కడే ఉన్నావు గదా?"

"ఉన్నాను."

"విన్నావా?"

"విన్నాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. గొంతు పెంచడానికి గాలి చాలక, ఒక్కో మాటా విడివిడిగా అంది. "నా బతుకులో నాను మా ఎర్రయ్య ముందర తలొంచనేదు. నీ బయానికి ఒంచినాను. నాను పిరికిదాన్ని అయిపోనానని రోజూ ఏడిసినాను. నువ్వు నాకు నీళ్లు తాపినావు, తల దువ్వినావు. ఒక్క మాట సెప్పనేకపోనావా?"

మంచం దిగబోతే అలవాటుగా చేయి అందించాను. ఆమె ఆ చేతిని చూసి, మంచం కమ్మీ పట్టుకుని దిగింది. "ఆ లలితమ్మని పంపు."

బుధవారం

లలితకు పట్టీ కట్టారు. నేను ఆవిరి గిన్నెలు, పక్క దుప్పట్లు, బెడ్‌పాన్లు చూస్తున్నాను. ఎవరూ ఏమీ అనడం లేదు. ఎవరైనా ఒక మాట అంటే బాగుండును.

లలిత ఊపిరి నిండుగా, నిదానంగా ఉంటుంది. పోలమ్మ బాగా కోలుకుంటోంది, నడుస్తోంది. కానీ సైరన్ మోగితే పట్టేయడం పోలేదు. లలితకు ఆగకపోయినా పోలమ్మకు ఆగుతోంది. మొదట నేర్చుకున్నది అంత తొందరగా వదలదని డాక్టర్ అంది. వదలకపోవచ్చని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం నావైపు చూసింది.

సోమవారం

పోలమ్మ కబురు పెట్టింది. వెళ్లాను. కూర్చోమనలేదు.

"నీ తమ్ముడి పేరేటన్నావు?"

"దానియేలు."

"ఆ రోజు లోన ఏటైనాది ఆడికి?"

"తెలియదమ్మా. నేను అడగలేదు."

ఆమె నన్ను వింతగా చూసింది. "అడగనేదా? ఆడికేటైనాదో తెలీకుండానే ఇంత బయం పెంచినావా? పెంచి నాకిచ్చినావా?" తర్వాత కిటికీవైపు తిరిగి అంది, "తీసుకురా ఆడ్ని. నా పక్కటెముకల్లో కూకున్నాడు. మొకం సూడొద్దా?"

బుధవారం

దానియేలు వచ్చాడు. పేషెంట్ల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నాడు. పోలమ్మ అతన్ని కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"ఆ రోజున ఏటైనాదో సెప్పు బాబూ. మీ అక్కకి కాదు, నాకు."

అతను చెప్పాడు. పగులు అవతల నుంచి నీళ్లు ముందు చెంబుకు చిల్లిపడినట్టు సన్నగా వచ్చాయి. తర్వాత గోడ ఊడి మీద పడింది. దీపాలు పోయాయి. మేస్త్రీ అందరినీ ఒకరి నడుము ఒకరు పట్టుకోమన్నాడు. నీళ్లు మోకాళ్లకు, తర్వాత నడుముకు వచ్చాయి. నిచ్చెన దొరికేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"బయపడినావా?" అని పోలమ్మ అడిగింది.

దానియేలు నావైపు చూశాడు. మా ఇంట్లో ఎప్పుడూ చూడని మొహం అది. "పడ్డానమ్మా. ఇప్పుడూ పడతాను. దిగే ముందు రోజూ కాళ్లు వణుకుతాయి. అక్క అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఆ పులుసు కూడా గొంతు దిగలేదు, అక్క చూస్తోందని తిన్నాను."

అక్కడ ఉండలేననిపించింది, అయినా వెళ్లిపోలేదు. పోలమ్మ అతన్ని మంచం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఇద్దరూ సముద్రం గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు, అతను కట్ట లోపలి నుంచి విన్న సముద్రం, ఆమె కట్ట బయట చూసిన సముద్రం. మధ్యాహ్నం సైరన్ మోగింది. ముగ్గురికీ ఊపిరి ఆగింది. ముందుగా పోలమ్మ వదిలింది. దానియేలు వీపు మీద అరచేత్తో తట్టింది. అతను వదిలాడు. నా వీపు తట్టడానికి ఎవరూ లేరు. నా అంతట నేనే వదులుకున్నాను.

శుక్రవారం

పోలమ్మను ఇంటికి పంపేశారు. కాగితాల మీద వేలిముద్ర వేసి నా దగ్గరికి వచ్చింది.

"కోపం పోనేదు. పోతాదో నేదో తెల్దు. కానీ ఎర్రయ్యకి అంతా సెప్పీసినాను, పడవ ఎవులికీ ఇయ్యనేదు. ఆదివారం రేవుకి రా."

రమ్మనడంలో పిలుపు ఎంత ఉందో, శిక్ష ఎంత ఉందో నాకు తెలియలేదు.

ఆదివారం

పుట్టి బుద్ధెరిగాక కట్ట అవతలికి వెళ్లడం ఇదే మొదటిసారి. ఎర్రయ్య పడవ నడిపాడు, పోలమ్మ ముందు కూర్చుంది. నేను మధ్యలో, రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని. అలలు పెద్దవి కావంటూ ఎర్రయ్య రెండుసార్లు చెప్పాడు. నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను.

వెనక్కి తిరిగి కట్టను చూసినప్పుడు పోలమ్మ భుజాలు పైకి లేచాయి, ఊపిరి ఆగింది. సైరన్ మోగనైనా లేదు. ఎర్రయ్య తెడ్డు ఆపి ఆమెనే చూస్తూ ఉన్నాడు. కాసేపటికి వదిలింది.

"వచ్చీసింది మళ్లీ" అంది. అతనితో అంది, నాతో కాదు. "పోదయ్యా ఇది. ఉండనీ. నాతోపాటు వేటకొత్తాది."

"వత్తే రానీ" అన్నాడు ఎర్రయ్య. "మూడో మనిసి ఉంటే వల బేగి లాగొచ్చు."

ఆమె నవ్వింది. నాకు నవ్వాలనిపించి, ఆ హక్కు లేదనిపించి, నీళ్ల వైపు చూశాను. ఇక నుంచి ప్రతి వేటకూ ఆమె నా భయాన్ని మోసుకుంటూ వెళ్తుంది. నేను మాత్రం పొద్దున్నే లేచి కొండమీదికి నడిచి వెళ్తాను.

మధ్యాహ్నానికి రేవుకు తిరిగొచ్చాం. గంపలతో ఆడవాళ్లు మూగారు. పోలమ్మ మళ్లీ పడవ ఎక్కుతుందని ఎవరూ అనుకోలేదట. ఒక ముసలామె ఆమె ఛాతీ మీద చెవి ఆనించి, లోపలి గాలి విని, కళ్లు తుడుచుకుంది.

"ఎవులే నీకు ఊపిరి నేర్పింది?"

పోలమ్మ నావైపు చూపించింది. "ఈ సిస్టరమ్మే."

అంతే అంది. అందరూ నా మీదికి వచ్చారు. చేతులు పట్టుకున్నారు, ఎవరో నా తల నిమిరారు. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. పోలమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇప్పుడొద్దు" అంది నాకు మాత్రమే వినబడేలా. "ఆళ్లని సంతోసంగా ఉండనీ. నీ మనసు కుదుటపడాలని ఆళ్ల సంతోసం పాడుసెయ్యకు."

ముసలామె నా చేతుల్లో ఆకులో చుట్టిన చేపలు పెట్టింది, ఇంకా తడిగా ఉన్నాయి. తీసుకున్నాను. వద్దు అనడానికి కూడా నాకు అర్హత లేదనిపించింది.